డకోటా విమాన పునరుద్ధరణ: విధానం, ప్రామాణ్యం, హైదరాబాదు సందర్భం

వ్యాససంగ్రహం

పాతబడిన ప్రయాణికుల విమానాన్ని మళ్లీ ఎగిరే స్థితికి తీసుకురావడం సాంకేతిక కార్యం మాత్రమే కాదు. ఒక వస్తువులో ఎంతభాగం మారినా అది అదే వస్తువుగా నిలుస్తుందా, దాని ప్రామాణ్యాన్ని ఏ ఆధారాలు నిర్ణయిస్తాయి అనే ప్రశ్నలు అందులో ఇమిడి ఉన్నాయి. తెలుగు సాహిత్యపరిశోధకులకు ఈ ప్రశ్నలు పాఠపరిష్కరణ ద్వారా సుపరిచితాలే. హైదరాబాదు కేంద్రంగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ చరిత్రనూ, 2018లో భారత వైమానికదళానికి చేరిన ‘పరశురామ’ డకోటానూ ఆధారంగా చేసుకుని ఈ పునరుద్ధరణ విధానాన్ని వివరించడం, దాని హద్దులను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: డకోటా, డెక్కన్ ఎయిర్‌వేస్, పునరుద్ధరణ, జీర్ణోద్ధరణ, ప్రామాణ్యం, పాఠపరిష్కరణ, హైదరాబాదు వైమానిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలకు ఆకాశం ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండదు. మేడ్చల్‌కు పడమటి దిక్కున దుండిగల్‌లో భారత వైమానికదళ అకాడమీ ఉంది. సికింద్రాబాదు నుంచి శామీర్‌పేటకు సాగే రాజీవ్ రహదారిని ఆనుకుని హకీంపేట వైమానికదళ కేంద్రం ఉంది. ఈ రెండూ నేటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనివే. ఇక్కడి పల్లెల్లో ఒక తరానికి విమానం ధ్వని కోడికూతంత సహజమైనది. అయితే ఆ ధ్వని చాలాకాలంగా శిక్షణ విమానాలది. అంతకుముందు ఈ ప్రాంతాలకు దక్షిణాన ఉన్న బేగంపేట విమానాశ్రయం నుంచి రెండు ఇంజిన్ల డకోటాలు ప్రయాణికులనూ తపాలానూ మోసుకుని ఎగిరేవి. పటం మీద బేగంపేట నుంచి నాగపూర్‌కు సరళరేఖ గీస్తే అది మేడ్చల్, శామీర్‌పేటల మధ్యగానే ఉత్తరానికి సాగుతుంది.

ఆ డకోటాలు నడిచిన కాలం గురించి తెలుగులో చెప్పుకోదగినంత రచన లేదు. నిజాం కాలపు రైల్వేల గురించీ, బస్సుల గురించీ ఎంతోకొంత రాశారు. విమానాల గురించి రాసింది చాలా తక్కువ. చరిత్ర రచనలోని ఈ ఖాళీ వల్ల మరో ప్రశ్న మరుగున పడింది. అలనాటి విమానాన్ని మళ్లీ ఎగిరించాలంటే ఏం చేయాలి? అలా ఎగిరించినది నిజంగా అలనాటి విమానమేనా? ఈ వ్యాసంలో ముందు చారిత్రక సందర్భాన్నీ, తర్వాత సాంకేతిక విధానాన్నీ, చివర ప్రామాణ్య సమస్యనూ పరిశీలించడమైనది.

2. చారిత్రక సందర్భం: డకోటా, డెక్కన్ ఎయిర్‌వేస్

అమెరికాకు చెందిన డగ్లస్ సంస్థ రూపొందించిన డీసీ-3 విమానం 1935 డిసెంబరు 17న తొలిసారి ఎగిరింది. రైట్ సోదరుల తొలి విమానయానానికి ఆనాటికి సరిగ్గా 32 ఏళ్లు. 21 మంది ప్రయాణికులను కూర్చోబెట్టుకుని, తపాలా ఆదాయం మీద ఆధారపడకుండా ప్రయాణికుల టికెట్లతోనే లాభం తేగలిగిన తొలి విమానంగా దానికి పేరు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో దాని సైనికరూపాన్ని వేల సంఖ్యలో తయారుచేశారు. అమెరికాలో తయారైనవే అన్ని రూపాలూ కలిపి పదివేలకు పైబడ్డాయి. బ్రిటిష్ వైమానికదళం దానికి పెట్టిన ‘డకోటా’ అనే పేరే భారతదేశంలో స్థిరపడింది.

యుద్ధం ముగిశాక మిగులు డకోటాలు చవకగా దొరికాయి. భారతదేశంలో కొత్త విమానసంస్థలు వరుసగా పుట్టుకురావడానికి అదొక ముఖ్యకారణం. నిజాం ప్రభుత్వమూ టాటా సంస్థా భాగస్వాములుగా 1945లో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ వాటిలో ఒకటి. బేగంపేట దాని కేంద్రం. 1946లో సర్వీసులు మొదలుపెట్టి హైదరాబాదును దేశంలోని ఇతర నగరాలతో కలిపింది. భారతదేశంలో తొలి మహిళా వాణిజ్య విమానచోదకురాలిగా చరిత్రకెక్కిన ప్రేమ్ మాథుర్ ఉద్యోగజీవితం ఈ సంస్థలోనే మొదలైంది. స్త్రీ అన్న కారణంతో ఇతర సంస్థలు ఆమెను నిరాకరించిన రోజుల్లో హైదరాబాదు సంస్థ అవకాశమిచ్చింది. 1949లో ఆమె జాతీయ విమానపందెంలో విజేతగా నిలిచారు.

1949 జనవరి 30న దేశంలో రాత్రి విమానతపాలా ప్రారంభమైంది. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసుల నుంచి బయలుదేరిన విమానాలు అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకుని, తపాలా సంచులను మార్చుకుని, తెల్లవారేసరికి ఎవరి నగరానికి అవి తిరిగి చేరేవి. ఈ సేవను నడిపిన సంస్థల్లో డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఉంది. 1953లో విమానసంస్థల జాతీయీకరణ చట్టం వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 1న డెక్కన్ ఎయిర్‌వేస్ సహా ఎనిమిది సంస్థల దేశీయ సర్వీసులు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమయ్యాయి. దానితో హైదరాబాదు పేరుతో ఎగిరిన సంస్థ చరిత్ర ముగిసింది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభం కావడంతో బేగంపేటలో వాణిజ్య విమానాల రాకపోకలు కూడా ఆగిపోయాయి.

సంస్థ పోయింది, విమానాశ్రయం పాత్ర మారింది, విమానాలు తుక్కయ్యాయి. ఈ మూడింటిలో మొదటి రెండింటికి కాగితాల మీద జాడ దొరుకుతుంది. మూడోదానికి దొరకదు. విమానం ఎలా ఉండేదో ఛాయాచిత్రం చెబుతుంది. ఎలా ఎగిరేదో, ఎలా మోగేదో, దాన్ని బతికించడానికి ఎంతమంది చేతులు పనిచేసేవో చెప్పదు. పునరుద్ధరణ ప్రయత్నాలకు ఈ లోటే ప్రేరణ.

3. ‘పరశురామ’: ఒక పునరుద్ధరణ ఉదాహరణ

భారతదేశానికి సంబంధించి ఇటీవలి ప్రధాన ఉదాహరణ వైమానికదళానికి చెందిన ‘పరశురామ’ డకోటా. 1940లలో తయారై, తుక్కుగా మారే దశకు చేరిన ఒక డకోటాను అప్పటి రాజ్యసభ సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్ సేకరించి బ్రిటన్‌లో బాగుచేయించారు. ఆయన తండ్రి ఎయిర్ కమడోర్ ఎం.కె. చంద్రశేఖర్ వైమానికదళంలో డకోటా చోదకులు. పునరుద్ధరణకు సుమారు ఆరేళ్లు పట్టింది. 2018 ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగిన కార్యక్రమంలో విమానాన్ని వైమానికదళానికి బహూకరించారు. ఏప్రిల్ 17న అది ఇంగ్లాండులోని కోవెంట్రీ నుంచి బయలుదేరింది. ఫ్రాన్స్, ఇటలీ, గ్రీసు, జోర్డాన్, సౌదీ అరేబియా, బహ్రెయిన్, ఒమన్ దేశాలలో మజిలీలు చేసుకుంటూ ఏప్రిల్ 25న జామ్‌నగర్ చేరింది. మే 4న హిండన్ స్థావరంలో లాంఛనంగా వైమానికదళంలో ప్రవేశించింది.

ఈ విమానానికి ‘వీపీ 905’ అనే సంఖ్య ఇచ్చారు. 1947 అక్టోబరు 27న భారతసైనికులతో శ్రీనగర్‌లో మొట్టమొదట దిగిన డకోటా సంఖ్య అది. నేటి ‘పరశురామ’ ఆనాటి విమానం కాదు. అదే రకానికి చెందిన మరో విమానం ఆ సంఖ్యను ధరించింది. ఈ భేదాన్ని గుర్తుంచుకోవడం అవసరం. కావ్యంలోని పాత్రను నటుడు ధరించినట్లుగా ఇక్కడ ఒక యంత్రం మరో యంత్రం పాత్రను ధరించింది. యంత్రం నిజమైనదే, పాత్ర ఆరోపితం. ప్రామాణ్య చర్చ ఇక్కడి నుంచే మొదలవుతుంది. దాన్ని చేపట్టే ముందు, పునరుద్ధరణ అనే పనిలో ఏమేం జరుగుతుందో తెలుసుకోవాలి.

4. పునరుద్ధరణ విధానం

4.1 స్థాయీభేదాలు

పాత విమానాన్ని కాపాడటంలో మూడు స్థాయులున్నాయి. మొదటిది ప్రదర్శనస్థాయి. బయటి రూపం చెడకుండా చూసి మ్యూజియంలో నిలబెట్టడం. రెండోది చలనస్థాయి. ఇంజిన్లు తిరుగుతాయి, విమానం నేల మీద కదులుతుంది, కానీ ఎగరదు. మూడోది గగనయోగ్యతాస్థాయి. మొదటి స్థాయిలో పగులు మీద రంగు వేసినా హాని లేదు. మూడో స్థాయిలో అదే పగులు ప్రాణాంతకం. కాబట్టి మూడో స్థాయి మొదటిదానికి పొడిగింపు కాదు, స్వభావంలోనే వేరైన పని. ప్రదర్శనకు రూపం చాలు. ఎగరడానికి, కనిపించని ప్రతి భాగం గురించీ రుజువు కావాలి.

4.2 విమానదేహం

డకోటా దేహం అల్యూమినియం మిశ్రలోహపు రేకులతో, లక్షలాది రివెట్లతో కూర్చినది. రెక్కలోని భారాన్ని ఒకే దూలం మోయదు. లోపల గదులుగదులుగా ఉన్న అల్లికా, పైనున్న రేకూ కలిసి ఆ భారాన్ని పంచుకుంటాయి. డకోటా దీర్ఘాయువుకు ఈ నిర్మాణం ఒక కారణం. ప్రయాణికుల గదిలో గాలి ఒత్తిడి పెంచే ఏర్పాటు దీనికి లేకపోవడం మరో కారణం. ఒత్తిడి గల విమానాల్లో ప్రతి ప్రయాణానికీ దేహం ఒకసారి ఉబ్బి ఒకసారి సడలుతుంది. ఆ అలసట డకోటాకు లేదు.

అయితే అల్యూమినియానికి వేరే శత్రువు ఉంది. తేమ చేరితే తుప్పు లోహపు పొరల మధ్యకు పాకుతుంది. పైకి రేకు నున్నగానే కనిపిస్తుంది, లోపల పొరలుపొరలుగా విడిపోతూ ఉంటుంది. అందుకే పునరుద్ధరణలో మొదటి పని విప్పడం. రంగు తొలగించి, నేల పలకలు ఎత్తి, రెక్కలను దేహం నుంచి వేరుచేసి ప్రతి సంధినీ పరీక్షిస్తారు. డకోటా బయటి రెక్కలు మధ్యభాగానికి వరుసగా బిగించిన బోల్టులతో కలుస్తాయి. ఆ సంధి దగ్గరి లోహాన్ని అతి జాగ్రత్తగా చూడాలి. కంటికి కనిపించని పగుళ్లను కనుగొనడానికి పగుళ్లలోకి చొచ్చుకుపోయే రంగుద్రవం, ఎడ్డీ కరెంటు, ఎక్స్‌రే వంటి పద్ధతులున్నాయి.

చెడిన రేకును కత్తిరించి కొత్తది వేసేటప్పుడు మందం, మిశ్రమం, రివెట్ల మధ్య దూరం అన్నీ మూలానికి సరిపోవాలి. కొన్ని రకాల రివెట్లను వేడిచేసి చల్లార్చిన వెంటనే అతిశీతలంగా భద్రపరచాలి. బయటికి తీసిన కొద్దిసేపట్లోనే కొట్టేయాలి. ఆలస్యమైతే లోహం గట్టిపడి రివెట్ సరిగా కూర్చోదు. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు బయటి నుంచి సుత్తియంత్రంతో కొడితే మరొకరు లోపలి నుంచి ఇనుపదిమ్మెతో అదిమిపడతారు. ఒకరికొకరు కనిపించరు, శబ్దంతోనే మాట్లాడుకుంటారు. ఈ విద్యను పుస్తకం సగమే నేర్పుతుంది, మిగతా సగం గురువు చేతినుంచి రావాలి.

విమానం దిశను మార్చే కదిలే పలకలకు డకోటాలో లోహపు రేకు కాక గుడ్డ తొడుగు ఉంటుంది. పాతకాలంలో నూలుగుడ్డకు లేపనం పూసి బిగుతుగా చేసేవారు. ఇప్పుడు అనుమతి పొందిన కృత్రిమవస్త్రాలు వాడుతున్నారు. మూలపదార్థాన్ని వదిలి మెరుగైన పదార్థాన్ని స్వీకరించిన చోటు ఇది. ఇలాంటి ప్రతి చోటూ కాగితం మీద నమోదు కావాలి.

4.3 ఇంజిన్, ప్రొపెల్లర్

డకోటాలో సాధారణంగా వాడినది ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్ ఇంజిన్. 14 సిలిండర్లు చక్రాకారంగా రెండు వరుసల్లో అమరి ఉంటాయి. దాని శక్తి సుమారు 1,200 అశ్వశక్తి. ఒక్కో సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గుల చొప్పున రెండు ఇంజిన్లకు 56 ప్లగ్గులు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు నూనె కిందివైపు సిలిండర్లలోకి జారి చేరుతుంది. ఆ స్థితిలో ఒక్కసారిగా ఇంజిన్ను తిప్పితే లోపలి భాగాలు విరిగిపోతాయి. అందువల్ల బయలుదేరే ముందు సిబ్బంది ప్రొపెల్లర్ రెక్కలను చేతులతో మెల్లగా తిప్పి చూస్తారు. పాత ఛాయాచిత్రాల్లో లాంఛనంలా కనిపించే ఈ దృశ్యం నిజానికి భద్రతాపరీక్ష.

ఈ ఇంజిన్ల తయారీ ఆగి దశాబ్దాలు గడిచాయి. ఉన్నవాటినే విప్పి, కొలిచి, అరిగిన భాగాలు మార్చి మళ్లీ కూర్చాలి. డకోటా పెద్దసంఖ్యలో తయారైనందువల్ల విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. దీని పునరుద్ధరణ సాధ్యం కావడానికి అసలు కారణం అదే. ఇంధనం మరో సమస్య. నేటి విమానాశ్రయాల్లో సమృద్ధిగా దొరికేది జెట్ ఇంధనం. పాత ఇంజిన్లకు కావలసిన విమానపెట్రోలు ప్రతిచోటా ఉండదు. ‘పరశురామ’ వంటి సుదూర ప్రయాణంలో మజిలీలను నిర్ణయించేటప్పుడు ఇంధనం లభ్యత కూడా ఆలోచించవలసిన విషయమే.

4.4 పత్రాలు, పరీక్షలు

పునరుద్ధరణలో సగం పని కాగితాలదని చెబితే అతిశయోక్తి కాదు. తయారీసంస్థ ఇచ్చిన క్రమసంఖ్య, ఎన్ని గంటలు ఎగిరిందో చెప్పే చిట్టా, జరిగిన ప్రతి మరమ్మతు వివరం, తయారీదారూ ప్రభుత్వాలూ కాలక్రమంలో జారీచేసిన భద్రతా ఆదేశాల అమలు వివరం ఇవన్నీ అవసరం. ఆధారపత్రం లేని భాగం ఎంత కొత్తగా మెరిసినా దాన్ని వాడకూడదు. పని పూర్తయ్యాక విమానాన్ని తూచి గురుత్వకేంద్రాన్ని నిర్ణయిస్తారు. ఇంజిన్లను నేల మీద నడిపి చూస్తారు. రన్‌వే మీద పరుగులు తీయిస్తారు. ఆ తర్వాతే పరీక్షార్థం ఎగురుతుంది. పౌరవిమానమైతే భారతదేశంలో పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్ అనుమతి కావాలి. సైనికవిమానాలకు వాటి సొంత వ్యవస్థ ఉంది.

5. ప్రామాణ్య సమస్య: పాఠపరిష్కరణతో పోలిక

రేకులు మార్చి, ఇంజిన్లు మార్చి, తీగలు మార్చి, గుడ్డ మార్చిన తర్వాత అది పాత విమానమేనా? గ్రీకు తత్త్వవేత్తలు తీసెయస్ నౌక పేరుతో ఈ ప్రశ్నను చర్చించారు. మన సంప్రదాయంలో ఆగమశాస్త్రాలు జీర్ణోద్ధరణ అనే భావనతో దీనికి వేరే దిశలో సమాధానం వెతికాయి. శిథిలమైన ఆలయాన్ని విధిపూర్వకంగా విప్పి తిరిగి కట్టినప్పుడు రాళ్లు మారినా క్షేత్రం మారదు. అక్కడ నిరంతరతను నిలబెట్టేది పదార్థం కాదు, విధి.

తెలుగు పరిశోధకులకు ఇంతకంటే దగ్గరి పోలిక పాఠపరిష్కరణ. తాళపత్రప్రతి శిథిలమైతే లేఖకుడు కొత్త ఆకుల మీద నకలు రాస్తాడు. ఆకు మారింది, లేఖిని మారింది, చేయి మారింది, కావ్యం మాత్రం అదేనని అంటాం. అయితే నకలుకూ పరిష్కరణకూ భేదం ఉంది. పరిష్కర్త తాను ఏ ప్రతిని అనుసరించాడో, ఎక్కడ పాఠాంతరం ఉందో, ఎక్కడ గ్రంథపాతాన్ని తాను పూరించాడో చెబుతాడు. చెప్పకుండా పూరించినవాడు ఎంత పండితుడైనా పాఠకుణ్ణి తప్పుదారి పట్టించినట్లే. 1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలుగులోకి తెచ్చినప్పుడు ఆ కావ్యకాలం గురించీ ప్రామాణ్యం గురించీ సుదీర్ఘచర్చ నడిచింది. కావ్యం గొప్పదా కాదా అనేది ఆ చర్చలో ఒక భాగం మాత్రమే. చేతికి వచ్చిన పాఠం ఏ మార్గంలో వచ్చింది అనేది అసలు ప్రశ్న.

విమానపునరుద్ధరణలో చిట్టాలది సరిగ్గా ఇదే స్థానం. మార్చిన ప్రతి రేకూ ఒక పాఠాంతరం. నమోదు చేసి మార్చితే అది పరిష్కరణ. నమోదు లేకుండా మార్చితే అది ప్రక్షిప్తం. ఈ కొలమానంతో చూస్తే ‘పరశురామ’ విషయంలో రెండు అంశాలు విడిపోతాయి. యంత్రంగా దానికి సొంత జన్మవృత్తాంతం ఉంది, అది దాని ప్రామాణ్యం. వీపీ 905 అనే సంఖ్య స్మారకచిహ్నం. అది శ్రద్ధాంజలిగా గౌరవించదగినదే. ఈ రెండింటినీ కలిపి, శ్రీనగర్‌లో దిగిన విమానమే ఇదని ఎవరైనా రాస్తే అది చారిత్రకదోషం. స్మారకాన్ని స్మారకమని చెప్పినంతకాలం దాని విలువ తగ్గదు.

పోలికకు ఒక హద్దు ఉంది. పరిష్కర్త తప్పు చేస్తే పద్యం చెడుతుంది, మరో పరిష్కర్త దాన్ని దిద్దగలడు. విమానంలో తప్పు జరిగితే దిద్దుకునే అవకాశం ఉండకపోవచ్చు. కాబట్టి ఇక్కడ ప్రామాణ్యాన్ని మించిన విలువ మరొకటి ఉంది. అది భద్రత. మూలంలో లేని ఆధునిక రేడియో, దిశానిర్దేశ పరికరాలు ఉంచితే ప్రామాణ్యం కొంత తగ్గుతుంది. ఉంచకపోతే నేటి ఆకాశమార్గాల్లో విమానం ఎగరలేదు. ఎగిరే స్థితిని లక్ష్యంగా ఎంచుకున్నప్పుడే ఈ రాజీని కూడా ఎంచుకున్నట్లు.

6. ఎగిరించడం తగునా? మూడు అనుభవాలు

ప్రపంచంలోని మూడు ఉదాహరణలు ఈ ప్రశ్నకు మూడు విధాలుగా జవాబిస్తాయి.

మొదటిది బోయింగ్ 307 స్ట్రాటోలైనర్. ఆ రకంలో పూర్తిరూపంలో మిగిలిన ఏకైక విమానాన్ని అమెరికాలోని సియాటిల్‌లో ఏళ్లతరబడి శ్రమించి 2001లో ఎగిరించారు. 2002 మార్చి 28న ఇంధనం అయిపోయి అది సియాటిల్ తీరంలో నీటిలో దిగింది. సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు. విమానాన్ని నీటి నుంచి తీసి మళ్లీ బాగుచేసి, 2003లో వాషింగ్టన్ సమీపంలోని స్మిత్‌సోనియన్ మ్యూజియం కేంద్రానికి ఎగిరించుకుని వెళ్లారు. అది అక్కడే ప్రదర్శనలో ఉండిపోయింది. ప్రపంచంలో ఒక్కటే మిగిలిన వస్తువును ఎగిరిస్తే కలిగే ప్రమాదాన్ని ఈ సంఘటన స్పష్టం చేసింది.

రెండోది లాక్‌హీడ్ స్టార్‌లైనర్. జర్మనీకి చెందిన లుఫ్తాన్సా 2007లో ఈ రకం విమానాలను వేలంలో కొని, ఒకదాన్ని ఎగిరే స్థితికి తేవాలని అమెరికాలో పని మొదలుపెట్టింది. నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి 18 సిలిండర్లు, ఒత్తిడి గల దేహం కావడంతో పని అంచనాలను మించిపోయింది. 2018లో ఎగిరించే ప్రయత్నాన్ని విరమించి, విమానాన్ని విడదీసి జర్మనీకి తరలించారు. ‘పరశురామ’ భారతదేశానికి ఎగిరివచ్చిన సంవత్సరమే స్టార్‌లైనర్ ప్రయత్నం ఆగిపోయింది. విడిభాగాలు దొరికే సాధారణ విమానానికీ, కొద్దిసంఖ్యలో తయారైన సంక్లిష్ట విమానానికీ ఉన్న తేడా ఈ రెండింటి ఫలితాల్లో కనిపిస్తుంది.

మూడోది అత్యంత విషాదకరం. 2018 ఆగస్టు 4న స్విట్జర్లాండులో పాత యుంకర్స్ యూ-52 ప్రయాణికుల విమానం ఆల్ప్స్ పర్వతాల్లో కూలి అందులోని 20 మందీ మరణించారు. చోదకులు పర్వతాల మధ్య ప్రమాదకరంగా నడపడం ప్రధానకారణమని దర్యాప్తు తేల్చింది. అయితే ఆ విమానదేహంలో తుప్పు, పగుళ్లు వంటి లోపాలున్నట్లు, నిర్వహణలోనూ పర్యవేక్షణలోనూ లోటుపాట్లున్నట్లు కూడా అదే దర్యాప్తు వెల్లడించింది. ప్రమాదానికి ప్రత్యక్షకారణం కాకపోయినా ఆ లోపాలు గుర్తింపునకు రాకుండా ఉండిపోయాయన్నదే గమనించవలసిన విషయం. పాతవిమానం మీది అభిమానం పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

ఈ మూడింటి నుంచి ఒక సూత్రం తేలుతుంది. ఒకే ఒక్కటి మిగిలినదాన్ని నేల మీదే భద్రపరచడం మేలు. అనేకం మిగిలి ఉండి, విడిభాగాలూ నేర్పరులూ లభిస్తూ, నిరంతరపర్యవేక్షణకు ఒక సంస్థ బాధ్యత వహించేటప్పుడు మాత్రమే ఎగిరించడం సమంజసం. ఈ మూడు నియమాలకూ సరిపడే పాత ప్రయాణికుల విమానాల్లో డకోటా ముందువరుసలో ఉంటుంది.

7. హైదరాబాదుకు దీని ప్రాసంగికత

డెక్కన్ ఎయిర్‌వేస్ రంగులతో ఒక డకోటా బేగంపేట నుంచి లేచి మేడ్చల్ మీదుగా ఎగరాలని కోరుకోవడం సహజం. పై చర్చ ప్రకారం ఆ కోరిక నెరవేరాలంటే డబ్బు ఒక్కటే చాలదు. చక్రాకారపు ఇంజిన్ను విప్పి కూర్చగల చేతులు కావాలి. ఆ ఇంజిన్లతో పనిచేసినవారు భారతదేశంలో ఉద్యోగవిరమణ చేసి చాలాకాలమైంది. వైమానికదళం డకోటాలను నిత్యసేవ నుంచి 1980ల చివరికల్లా తప్పించింది. అప్పటి యువసాంకేతికులు నేడు వృద్ధులు. దుండిగల్, హకీంపేటల చుట్టుపక్కల కాలనీల్లో, అల్వాల్, బొల్లారం, తిరుమలగిరి వంటి చోట్ల స్థిరపడిన విశ్రాంత వైమానికదళ ఉద్యోగులు ఎందరో ఉన్నారు. పాత విమానాలతో పనిచేసినవారి జ్ఞాపకాలు సేకరించడానికి మిగిలిన కాలం తక్కువ.

ఇక్కడే తెలుగుశాఖలకు పని ఉంది. మొదటిది మౌఖికచరిత్ర. విమానశాలల్లో పనిచేసిన తెలుగువారు పనిముట్లకూ పనులకూ వాడుకున్న మాటలు వృత్తిపదకోశాల్లోకి ఇంకా పూర్తిగా చేరలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కాలంలో వ్యవసాయం, చేనేత వంటి వృత్తులకు మాండలిక వృత్తిపదకోశాలు వెలువడ్డాయి. భద్రిరాజు కృష్ణమూర్తి ఆరంభించిన ఆ కృషి యంత్రవృత్తులకు విస్తరించవలసి ఉంది. రెండోది పత్రసేకరణ. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖ సంస్థలోని నిజాం ప్రభుత్వ దస్త్రాలు, ఆనాటి పత్రికల్లోని విమానసమయాల ప్రకటనలు, విమానతపాలా ముద్రలున్న ఉత్తరాల కవర్లు ఇవన్నీ డెక్కన్ ఎయిర్‌వేస్ చరిత్రకు ఆకరాలు. దస్త్రాల్లో ఎక్కువభాగం ఉర్దూ, ఇంగ్లీషు భాషల్లో ఉండటం వల్ల బహుభాషాపరిశోధన తప్పనిసరి.

మూడోది పదనిర్ణయం. మరమ్మతు, పునరుద్ధరణ, జీర్ణోద్ధరణ, పునర్నిర్మాణం అనే మాటలను పత్రికలు ఒకదానికి బదులు మరొకటి వాడుతున్నాయి. చెడిన భాగాన్ని పనిచేసేలా చేస్తే మరమ్మతు. మూలానికి చెందిన వస్తువును నమోదుతో పూర్వస్థితికి తెస్తే పునరుద్ధరణ. విధిపూర్వకంగా విప్పి తిరిగి కూర్చి, నిరంతరతను నిలిపితే జీర్ణోద్ధరణ. మూలవస్తువు లేకుండా దాని నమూనాను కొత్తగా తయారుచేస్తే పునర్నిర్మాణం. ఈ భేదాలు స్థిరపడితే కోటలు, దేవాలయాలు, చెరువుగట్లు, యంత్రాలు అన్నింటి చర్చకూ ఉపయోగపడతాయి. ఏది మిగిలింది, ఏది మళ్లీ చేసింది అనే తేడా మాటలోనే తెలిసిపోతుంది.

8. ముగింపు

పాతవిమానాన్ని ఎగిరే స్థితికి తేవడం మూడు కార్యాల కలయిక అని పై పరిశీలనవల్ల తెలుస్తున్నది. లోహాన్ని పరీక్షించి బాగుచేయడం మొదటిది. ప్రతి మార్పునూ నమోదుచేసి ప్రామాణ్యాన్ని నిలబెట్టడం రెండోది. ఎగిరించడం తగునో కాదో నిర్ణయించే వివేకం మూడోది. ‘పరశురామ’ డకోటా మొదటి కార్యానికి మంచి ఉదాహరణ. వీపీ 905 సంఖ్య విషయంలో స్మారకానికీ మూలానికీ గల భేదాన్ని పాటించడం రెండోదానికి పరీక్ష. స్ట్రాటోలైనర్, స్టార్‌లైనర్, యూ-52 అనుభవాలు మూడోదానికి పాఠాలు.

హైదరాబాదు విషయంలో డకోటాను ఎగిరించడం కంటే ముందు చేయవలసిన పని దాని చరిత్రను రాయడం. డెక్కన్ ఎయిర్‌వేస్‌కు సమగ్రమైన తెలుగు చరిత్ర వెలువడితే, ఏ నాటికైనా ఒక విమానాన్ని ఆ రంగుల్లో ఎగిరించేవారికి అదే మూలప్రతి అవుతుంది. మూలప్రతి లేకుండా చేసే పరిష్కరణ ఎంత అందంగా ఉన్నా ఊహగానే మిగులుతుంది. చిట్టాలు, దస్త్రాలు, విశ్రాంత ఉద్యోగుల జ్ఞాపకాలు చెదిరిపోకముందే ఈ పని జరగాలి. ఇందుకు విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర, ఉర్దూ శాఖలు కలిసి పూనుకోవలసి ఉన్నది.